‘బండి మీదున్న, చెప్పు’: ఈ ‘చెప్పు’ ఎట్లా వచ్చి చేరింది?

అందరికీ నమస్కారం. ఈసారి నేను తెచ్చింది పద్యమూ కాదు, పాత పదమూ కాదు. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు రోజూ వినే, రోజూ అనే ఒక చిన్న వాక్యం.

"బండి మీదున్న, చెప్పు."

ఫోన్ మోగుతుంది. స్కూటర్ నడుపుతున్న మనిషి ఎత్తి ఈ మాట అంటాడు. ‘బండి మీదున్న’ అంటే ఇప్పుడు మాట్లాడే వీలు లేదని. ‘చెప్పు’ అంటే మాట్లాడమని. ఒకదానికొకటి పడని ఈ రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి, మధ్యలో కనీసం ‘అయినా’ అన్న మాట కూడా ఉండదు. నెల రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది. ఎందుకో కింద రాస్తాను.

ముందు మాట సంగతి. మా ఊళ్ళో బండి అంటే ఎడ్లబండి. ఇక్కడ బండి అంటే స్కూటరో మోటార్‌సైకిలో. దాని ‘మీద’ ఉంటాం, కారైతే ‘కార్ల’ ఉంటాం. కారువాళ్ళు ‘డ్రైవింగ్‌ల ఉన్న’ అని కూడా అంటారు. చేసే పనికి ‘లో’ తగిలించడం మనకు పాత అలవాటే: పనిలో ఉన్నాడు, నిద్రలో ఉన్నాడు, పూజలో ఉన్నాడు. ఇవన్నీ తలుపు దగ్గరకు వేసే మాటలు. ‘నాయన పూజల ఉన్నడు’ అని ఇంట్లోవాళ్ళు చెప్తే అవతలివాళ్ళు మళ్ళీ చేస్తామని పెట్టేస్తారు. ‘పూజల ఉన్న, చెప్పు’ అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. ‘మీటింగ్‌ల ఉన్న’ అని గుసగుసగా అన్నా చాలు, అక్కడికి ఆగిపోతుంది. ఒక్క బండి దగ్గరే ఆ తలుపు వేసినట్టే వేసి మళ్ళీ మనమే తీస్తున్నాం.

ఇక ‘చెప్పు’. ఇది సెల్‌ఫోన్ తెచ్చిన పలకరింపని నా అభిప్రాయం. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఎత్తగానే ‘హలో, ఎవరండీ?’ అనేవాళ్ళం. ఎవరో తెలిసే దారి లేదు కాబట్టి అడగాల్సిందే. చేసినవాళ్ళు పేరూ ఊరూ చెప్పుకొని, ఫలానా మనిషిని పిలుస్తారా అని బతిమాలుకునేవాళ్ళు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. 2003లో వచ్చే కాల్‌కి డబ్బులు పడటం ఆగిపోయింది. అంతకుముందు ఎత్తిన ప్రతిసారీ మన జేబుకే చిల్లు కనుక, మోగించి పెట్టేసే మిస్డ్ కాల్‌తోనే సగం సంసారం నడిచింది. ఒక్క రింగిస్తే చేరానని, రెండు రింగులిస్తే నువ్వే చెయ్యమని. ఎత్తడం ఉచితమయ్యాక, ఎవరు చేస్తున్నారో తెర మీదే కనబడుతున్నాక, ‘ఎవరండీ’ పోయి ‘ఆఁ, చెప్పు’ వచ్చింది. ఇప్పుడది నోట్లోంచి దానంతటదే వస్తుంది. చెప్పమని అడుగుతున్నామన్న స్పృహ కూడా ఉండదు, హలోకి తోకలాగా అంటుకుపోయింది.

ఇంకో మాట కూడా చూడాలి: ఎత్తడం. మా వైపు ‘లేపడం’ అంటాం. ‘ఎన్నిసార్లు చేసిన, ఫోన్ లేపవేంది?’ అని. పాత ఫోన్‌లో రిసీవర్‌ని నిజంగానే లేపేవాళ్ళం, మాట్లాడి నిజంగానే పెట్టేసేవాళ్ళం. ఇప్పుడు వేలితో పక్కకు జరుపుతున్నా లేపడం లేపడమే, పెట్టేయడం పెట్టేయడమే. టెలిగ్రామ్‌ను ‘కొట్టేవాళ్ళు’. తంతి ఆఫీసులో మీట టకటకలాడే చప్పుడు అందులో ఉందనుకుంటాను. టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది, మనం మాత్రం మెసేజ్ కూడా ‘కొడుతూనే’ ఉన్నాం.

అయితే ‘ఎత్తలేదు’ అన్నదాంట్లో ఇంకోటి ఉంది. ‘ఫోన్ మోగలేదు’ అంటే తప్పు ఫోన్‌ది. ‘కలవలేదు’ అంటే లైన్‌ది. ‘ఎత్తలేదు’ అంటే మనిషిది. చెయ్యి ఉండీ చాచలేదన్న నింద అందులో ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చాక ‘ఎత్తలేదేం?’ అన్న ప్రశ్నకు మన దగ్గరున్న జవాబు కూడా చూడండి: ‘చూసుకోలేదు.’ ‘బండి మీద ఉన్నాను కనుక ఎత్తలేదు’ అని సూటిగా చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంది? నాకు మొన్నటిదాకా లేదు.

మొన్నటిదాకా అన్నాను కదా, ఆ మొన్న సంగతి. సాయంత్రం ఆఫీసు నుంచి ఉప్పల్ వైపు వస్తున్నాను. రామంతాపూర్ దాటకముందే అమ్మ ఫోన్. అమ్మకు విడిగా ఒక రింగ్‌టోన్ పెట్టుకున్నాను, పాతకాలం ట్రింగ్ ట్రింగ్ మోత, జేబులోంచి చూడకుండానే తెలియాలని. మోగగానే చెయ్యి దానంతటదే పోయింది. ఎత్తి, హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఇరికించి, "బండి మీదున్న, చెప్పు" అన్నాను. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. చింతకాయ తొక్కు డబ్బా ఎవరితో పంపాలన్నది విషయం. ముందున్న ఆటో ఆగింది. నేను చూశాను, చూసింది బుర్రకు అందేసరికి ఆలస్యమైంది. బ్రేక్ పట్టాను, బండి జారింది, ఎడమ కాలు దాని కింద పడింది. వెనకవాళ్ళు ఆగారు కాబట్టి ఈ రోజు కూర్చొని రాస్తున్నాను.

ఫోన్ హెల్మెట్‌లోంచి జారి డివైడర్ పక్కన పడింది. స్పీకర్ ఎప్పుడు ఆన్ అయిందో తెలియదు. రోడ్డు మీద నుంచి అమ్మ గొంతు, "వింటున్నవా? బిడ్డా, వింటున్నవా? హలో?" అని. ఎవరో కుర్రాడు తీసి నా చేతికిచ్చాడు.

మర్నాడు అమ్మ వచ్చి వాచిన కాలు చూసి ఏడ్చింది. "బండి మీదున్న అంటివి. నేను పెట్టేద్దమనే అనుకున్న. నువ్వు చెప్పుమంటెనే చెప్పిన గద" అంది. అప్పుడు తెలిసింది నాకు, అది ఆజ్ఞ అని. ‘చెప్పు’ మధ్యమ పురుష విధ్యర్థకం అని బళ్ళో చదువుకున్నదే. నేను అలవాటుగా అన్నాను, ఆమె అర్థంతో విన్నది.

కాబట్టి నా ప్రశ్న: మీ వైపు ‘బండి మీద ఉన్నాను’ తర్వాత ఏ క్రియ వస్తుంది? చెప్పు? చేస్తా? ఆగు? ఏ ఊరో, ఏ వయసువాళ్ళు అంటారో కూడా రాయండి.

*

జవాబులు ఇన్ని వస్తాయనుకోలేదు. అందరికీ ఒక్కచోటే రాస్తున్నాను.

గుంటూరు వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్న ఒక సభ్యురాలు: "మా ఇంట్లో ‘బండి మీద ఉన్నానండీ, చెప్పండి’ అంటాం. ‘చెప్పండి’ అనకపోతే పెద్దవాళ్ళను పొమ్మన్నట్టు ఉంటుంది. మా మావగారికి ‘తర్వాత చేస్తాను’ అని నేను ఎప్పుడూ అనలేదు."

అమ్మా, ఇదే అసలు కారణమని నాకూ అనిపిస్తోంది. ‘తర్వాత’ అన్నది మన మర్యాదలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు చెప్పే మాట కాదు. వీధిలో ఎదురుపడితే బండి దిగి నిలబడి మాట్లాడతాం, దిగడమే మర్యాద. ఫోన్‌లో ఆ దిగడం అవతలివాళ్ళకు కనబడదు కనుక ‘చెప్పండి’తో దాన్ని భర్తీ చేస్తున్నాం. "పక్కకు ఆపి చేస్తానండీ" అంటే ఆ దిగడాన్ని మాటల్లో పెట్టినట్టవుతుంది కదా? మీ మావగారికి అది తప్పుగా తోచకపోవచ్చు. ఒకసారి అని చూడండి.

పాతబస్తీలో పుట్టి పెరిగిన ఒక మిత్రుడు: "మా గల్లీలో ‘గాడీ పే హూఁ, బోలో’ అంటారు. మీ వాక్యం దానికి నకలేమో."

కావచ్చు. ఫోన్ ‘ఉఠానా’, మన ‘లేపడం’, ఇంగ్లీషువాళ్ళ ‘పిక్’ మూడూ ఒకే చేతి కదలికను చెబుతాయి. ఇన్ని వందల ఏళ్ళుగా పక్కపక్కన బతికిన దక్నీ ఉర్దూకీ తెలంగాణ తెలుగుకీ మధ్య ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చేంత సామర్థ్యం నాకు లేదు. రెండు భాషలవాళ్ళూ ఒకే రోడ్డు మీద, ఒకే ఫోన్‌తో, ఒకే తప్పు చేస్తున్నారన్నది మాత్రం కనబడుతోంది.

భోజనం పార్సిళ్ళు చేరవేసే పని చేస్తున్న తమ్ముడు రాసింది నన్ను చాలాసేపు ఆపేసింది. "అన్నా, మాకు ఎత్తకపోతే కుదరదు. కస్టమర్ చేసి ‘ఏడున్నవ్?’ అంటడు. బండి మీదున్న అంటే ‘అదే, ఏడ?’ అంటడు. మెసేజ్ పెట్టుమంటే పెట్టరు."

తమ్మీ, నీ వాక్యంలో ‘చెప్పు’ నువ్వు అన్నది కాదు, అవతలివాళ్ళు నీ చేత అనిపిస్తున్నది. ‘ఎవరండీ’ పోయి ‘చెప్పు’ వచ్చినట్టే, చేసేవాళ్ళ వైపు ‘బాగున్నారా’ పోయి ‘ఎక్కడున్నావ్’ వచ్చింది. ఇంటి గోడకు ఉన్న ఫోన్‌కు చేసి ఎక్కడున్నావని అడిగినవాళ్ళు లేరు. నీకు చేసేవాళ్ళలో నేనూ ఉంటాను. నీ జవాబు చదివాక పార్సిల్ తెప్పించుకున్నప్పుడు చేయడం మానేసి మెసేజ్ పెడుతున్నాను, గేటు గుర్తులతో సహా.

చట్టం సంగతి ఇద్దరు అడిగారు. మోటారు వాహనాల చట్టం, 1988, 184వ సెక్షన్. 2019 సవరణ తర్వాత చేత్తో పట్టుకునే ఫోన్ లాంటి సాధనాన్ని బండి నడుపుతూ వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద పేరు పెట్టి చేర్చారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ. 3 ఏళ్ళలోపు మళ్ళీ చేస్తే 2 ఏళ్ళ దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. 2020 అక్టోబర్ నుంచి వచ్చిన నిబంధన దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, వాడుకోనిచ్చింది. ‘చేత్తో పట్టుకోలేదు, హెల్మెట్‌లో పెట్టాను’ అనేవాళ్ళను చూశాను, నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. ధ్యాస మాత్రం తొక్కు డబ్బా మీద ఉంది.

దీనికి పేపర్లలో వాడే ‘సెల్‌ఫోన్ డ్రైవింగ్’ అన్న మాట నాకు నచ్చదు. కారు డ్రైవింగ్ అంటే కారును నడపడం. ఆ లెక్కన ఇది సెల్‌ఫోన్‌ను నడపడమవుతుంది. మనకు ‘-తూ’ ఉంది, ఎంత పదునైన ప్రత్యయమో చూడండి. ‘ఫోన్ మాట్లాడుతూ బండి నడిపాడు’ అంటే అసలు పని బండి, పక్కపని ఫోన్. ‘బండి నడుపుతూ ఫోన్ మాట్లాడాడు’ అంటే అసలు పని ఫోన్, నడపడం పక్కకు పోయింది. హెచ్చరిక బోర్డుల మీద మొదటిది రాస్తారు. రోడ్డు మీద జరిగేది రెండోది. మాట్లాడేవాడి బుర్రలో సమాపక క్రియ మాట్లాడటమే, బండి ఎప్పుడో అసమాపకం అయిపోయింది. బోర్డు రాసేవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే ‘బండి నడుపుతూ ఫోన్ మాట్లాడకండి’ అని రాయమని నా మనవి.

‘చరవాణి’ అనాలి గానీ సెల్ అనకూడదని రాసిన పెద్దాయనకు: మాట అందంగా ఉంది, ఆకాశవాణి గుర్తొస్తుంది. రాతలో మీరు వాడండి, చదువుతాను. అమ్మతో మాత్రం ఫోన్ అనే అంటాను.

అమ్మ సంగతి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. కాలు తగ్గింది, బండి తీస్తున్నాను. ట్రింగ్ ట్రింగ్ మోత తీసేసి, బండి ఎక్కేముందు సైలెంట్‌లో పెడుతున్నాను. అమ్మ మాత్రం నా మీద నమ్మకం పెట్టుకోలేదు. ఎప్పుడు చేసినా నేను ‘చెప్పు’ అనేలోపే తనే అడుగుతుంది, "బండి మీదున్నవా?" అని. నిన్న సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను, హారన్ల మోత ఆమెకు వినబడింది. లేదమ్మా, ఆగే ఉన్న అన్నాను. "దిగినంక చెయ్యి" అని పెట్టేసింది.