ఎనిమిది మంది బృందంలో స్క్రమ్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న | మారతహళ్లి టీమ్ లీడ్

అందరికీ నమస్కారం. బెంగళూరులోని ఒక చిన్న సంస్థలో నేను టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. గిడ్డంగుల్లోని సరుకు లెక్కలు చూసే వెబ్ అప్లికేషన్‌ను షికాగోలోని ఒక కస్టమర్ కోసం ఎనిమిది మందిమి తయారుచేస్తున్నాము. అందులో ఇద్దరు టెస్టర్లు. ఇన్నాళ్లూ ఆరు నెలల ప్రణాళికను ఎక్సెల్‌లో వేసుకుని పనిచేశాము కానీ, కస్టమర్ కోరికలు వారం వారం మారుతుండడంతో ఆ ప్రణాళికకూ జరుగుతున్న పనికీ పొంతన లేకుండా పోయింది. వచ్చే నెల నుంచి స్క్రమ్‌కు, అంటే పనిని స్ప్రింట్ అనే కొద్ది వారాల విడతలుగా చేసుకుంటూ పోయే పద్ధతికి మారాలని మేనేజర్ గారు నిర్ణయించి, పనులను నమోదుచేసుకునే జిరా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కూడా కొన్నారు. స్ప్రింట్ ఎన్ని వారాలు ఉండాలి, బృందం ఈ పద్ధతిని సరిగ్గా పాటించేలా చూసే స్క్రమ్ మాస్టర్ బాధ్యతను లీడ్‌గా నేనే తీసుకోవచ్చా, ఇప్పటికే వాడుకలో ఉన్న వెర్షన్‌లో బయటపడే బగ్‌లను స్ప్రింట్ మధ్యలో ఏం చేయాలి అన్నవి నా సందేహాలు. రోజువారీ సమావేశం వేళ కూడా చిక్కుగానే ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని పదకొండు దాటితే గానీ అందరూ సీట్లలో ఉండరు.

సమాధానం | పాత టెస్టర్

మీ ప్రోడక్ట్ ఓనర్, అంటే పనుల వరుసను నిర్ణయించే వ్యక్తి ఎవరో మీరు రాయలేదు. నేనైతే ముందు అది తేల్చుకుంటాను. ఏ పని ముందు, ఏది తరువాత అన్న నిర్ణయం ఒకే వ్యక్తి చేతిలో ఉండాలని, ఆ నిర్ణయాన్ని సంస్థ మొత్తం గౌరవించాలని స్క్రమ్ గైడ్ చెబుతుంది. స్క్రమ్‌ను రూపొందించిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసిన ఆ గైడ్ 2020 కూర్పు పదిహేను పేజీలకు మించదు, ఉచితంగా దొరుకుతుంది. జిరా తెరవకముందే బృందమంతా ఒకసారి చదవడం మంచిది. మన దగ్గర సాధారణంగా ఒక బిజినెస్ అనలిస్టుకు ప్రోడక్ట్ ఓనర్ అని పేరు పెట్టి, “ఇది ఈ స్ప్రింట్‌లో కుదరదు” అని చెప్పే అధికారం మాత్రం మేనేజర్ దగ్గరో కస్టమర్ దగ్గరో ఉంచేస్తారు. అలాంటి చోట స్క్రమ్ పేరుతో మిగిలేది రెండు వారాలకొక డెడ్‌లైన్ మాత్రమే.

తరువాతిది, ఏది పూర్తయినట్టు లెక్క అన్న ఒప్పందం. డెవలపర్లు రెండు వారాల స్ప్రింట్‌లో తొమ్మిదో రోజున కోడ్ అప్పగించి తమ పని అయిపోయిందనుకుంటే, మీ ఇద్దరు టెస్టర్లు మొదటి వారం ఖాళీగా, చివరి రోజు ఊపిరాడకుండా ఉంటారు. తేలని పని వచ్చే స్ప్రింట్‌లోకి జారి, అక్కడ మళ్లీ అదే కథ. కోడ్ రివ్యూ, టెస్టింగ్, టెస్ట్ సర్వర్‌పై డిప్లాయ్‌మెంట్ ముగిసిన పనినే లెక్కలోకి తీసుకుంటామని ముందే రాసుకుని గోడకు అంటించండి. గైడ్ దృష్టిలో టెస్టర్లు కూడా డెవలపర్లే, వారికి వేరే హోదా లేదు. కాబట్టి ఒక్కో స్టోరీని, అంటే వాడుకరికి కావలసిన ఒక్కో పనిని చిన్నదిగా కోసి, మూడో రోజుకల్లా మొదటిది టెస్టర్ చేతికి అందేలా చూడండి. మొదట్లో ఎక్కువ శ్రమ పడవలసింది ఇక్కడే.

మిగిలినవి తేలిక. స్ప్రింట్ నెలకు మించకూడదు. కోరికలు వారం వారం మారుతున్నాయంటున్నారు కనుక రెండు వారాలు పెట్టుకోండి. నెల స్ప్రింట్‌కే ప్లానింగ్ 8 గంటలు, తయారైనది కస్టమర్‌కు చూపే రివ్యూ 4 గంటలు, బృందం తన పనితీరును సమీక్షించుకునే రెట్రోస్పెక్టివ్ 3 గంటలు దాటకూడదు, మీకు ఇంకా తక్కువ చాలు. డైలీ స్క్రమ్, అంటే మీరన్న రోజువారీ సమావేశం 15 నిమిషాలే. పదకొండున్నరకు పెట్టుకున్నా అభ్యంతరం లేదు, రోజూ అదే వేళకు జరిగితే సరి. రివ్యూకు కస్టమర్ రావాలి కాబట్టి షికాగోలో ఉదయం తొమ్మిదికి పెట్టండి. వేసవిలో మనకు రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర అవుతుంది.

సమాధానం | ఓఎంఆర్ సపోర్ట్ ఇంజనీరు

పై మాటలతో ఏకీభవిస్తాను కానీ, బగ్‌ల విషయం తేల్చకుండా స్క్రమ్ మొదలుపెట్టడం తొందరపాటని నా అభిప్రాయం. గత మూడు నెలల టికెట్లు తీసి, వాటికి బృందం సమయం ఎంత పోయిందో చూడండి. సగం దాకా పోతుంటే మీకు కాన్బాన్ నయం. అందులో స్ప్రింట్ ఉండదు, ఒకేసారి ఎన్ని పనులు చేతిలో ఉండవచ్చో ఒక పరిమితి పెట్టుకుని, ఒకటి ముగిశాకే మరొకటి అందుకుంటారు. చెన్నైలో మా సపోర్ట్ బృందం నడిచేది అలాగే. అంత పోకపోతే స్ప్రింట్‌లో ఆ మేరకు చోటు వదిలి ప్లాన్ చేసుకోండి. అత్యవసరమైన బగ్ వస్తే, స్ప్రింట్ గోల్‌కు (ఆ స్ప్రింట్ లక్ష్యానికి) దెబ్బ తగలనంతవరకు, ప్రోడక్ట్ ఓనర్‌తో మాట్లాడి అంతే బరువున్న మరో పనిని బయటికి తీయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మాకు బగ్‌ల పని సుమారుగా వారానికి ఒకరి శ్రమకు సమానం, కనుక స్క్రమ్‌తోనే ముందుకు వెళతాము. స్క్రమ్ మాస్టర్ సంగతి మాత్రం తేలలేదు. పైగా, ఒక్కొక్కరు ఎన్ని స్టోరీ పాయింట్లు (పని బరువును అంచనా వేసే అంకెలు) పూర్తిచేశారో నెలనెలా పంపమని మేనేజర్ గారు అడుగుతున్నారు.

సమాధానం | వైట్‌ఫీల్డ్ స్క్రమ్ మాస్టర్

లీడ్ స్క్రమ్ మాస్టర్ కాకూడదని గైడ్‌లో ఎక్కడా లేదు. అయితే అప్రైజల్ రాసేది మీరే అయితే వద్దంటాను. డైలీ స్క్రమ్‌లో అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాని మీ ముఖం చూసి హాజరు చెప్పడం మొదలుపెడతారు. రేటింగ్‌లతో సంబంధం లేని సీనియర్ ఒకరికి అప్పగించి, మీరు డెవలపర్‌గా కొనసాగండి.

స్టోరీ పాయింట్ల ప్రస్తావన గైడ్‌లోనే లేదు. బృందం తన అంచనా కోసం వాడుకుంటే మంచిదే, కానీ మనిషికి ఇన్నని లెక్కగట్టిన మరుసటి స్ప్రింట్ నుంచే మూడు పాయింట్ల పని ఐదవుతుంది, పక్కవాడికి సాయపడే తీరిక ఎవరికీ ఉండదు. స్ప్రింట్‌కు ఎంచుకున్న పని హామీ కాదు, ఒక అంచనా మాత్రమేనని గైడ్ 2011 కూర్పులోనే మార్చారు. ఆ సంగతి మీ మేనేజర్ గారి దృష్టికి తీసుకువెళ్లండి. ఆ నివేదికకు బదులు ప్రతి రివ్యూకూ ఆయనను పిలిచి, పనిచేస్తున్న స్క్రీన్లను కస్టమర్ ఎదుటే చూపించండి. అప్పటికీ పాయింట్లే కావాలంటే బృందం మొత్తానికి కలిపి ఒకే అంకె ఇవ్వండి, పేర్ల వారీగా మాత్రం ఇవ్వకండి.