లైవ్‌లో స్పష్టం, రికార్డింగ్‌లో గళ్ళు గళ్ళు: బిట్ రేట్ ఎంత పెట్టాలి?

నమస్కారం అండి. మా ఇంటికి నాలుగు 2 మెగాపిక్సెల్ కెమెరాలు, ఒక డీవీఆర్ (కెమెరాల బొమ్మని రికార్డు చేసే పెట్టె), 2 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. మొన్న రాత్రి గేటు ముందు పెట్టిన మా బండిని ఎవరో గుద్ది వెళ్ళిపోయారు. రికార్డింగ్ తీసి చూస్తే వెనక గోడ ఇటుకలతో సహా కనిపిస్తోంది, కదిలే కారు నంబర్ ప్లేటు మాత్రం గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది. లైవ్‌లో అదే కెమెరా బొమ్మ చక్కగా ఉంటుంది. చాలా బాధగా ఉంది.

సెట్టింగుల్లో హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి), 1080పీ, సెకనుకు 25 ఫ్రేములు, సీబీఆర్ (బిట్ రేట్ ఎప్పుడూ ఒకేలా ఉంచడం), బిట్ రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) 1024 కేబీపీఎస్ అని ఉంది. లైవ్ బొమ్మ కుదించకుండా నేరుగా వస్తుంది, డిస్కులోకి వెళ్ళేది కుదించాక అని అర్థమైంది. పైగా చీకట్లో బొమ్మ మీద వచ్చే నుసి కూడా ఆ కాసిని బిట్లనీ తినేస్తుందట.

లెక్క వేశాను. 1024 దగ్గర కెమెరాకి రోజుకు సుమారు 11 జీబీ, అంటే నాలుగింటికీ కలిపి 45 రోజులు నిల్వ. 4096 పెడితే 11 రోజులే. నాకు కనీసం 20 రోజులు కావాలి, కాబట్టి 2048 దాటలేను.

2048 ఉంచి, ఫ్రేములు 12కి తగ్గించి, ఇంకా బాగా కుదించే హెచ్.265కి మారిస్తే నంబరు చదవగలమా? వీబీఆర్ (కదలికని బట్టి బిట్ రేట్ మారడం) మేలా? అసలు ఇది కుదింపు లోపమో, రాత్రి షటర్ వేగం చాలక బొమ్మ అలుక్కుపోవడమో ఎలా తేల్చుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.