సమస్యాపూరణం: “నావ సాగెను నీరు లేనట్టి చోట”

పరదేశి: ఈ వారం సమస్య తేటగీతిలో. ఇది కల్పించింది కాదు, కళ్లారా చూసింది. దక్షిణ కొరియాలో దక్షిణ జొల్లా తీరాన బొల్గ్యో అని చిన్న ఊరుంది. పేరుకు తెప్పల వంతెన అని అర్థం. ఆ తెప్పల చోట 1729లో కట్టిన రాతి కమానుల వంతెన ఇప్పటికీ నిలిచే ఉంది. ఊరికి పేరు తెచ్చినవి మాత్రం కొమాక్ గుల్లలు. ఆటు వేళ సముద్రం వెనక్కి పోతే మిగిలేది బురదే. ఆడవాళ్లు పొడవాటి పలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో బురదను తన్నుకుంటూ గుల్లలకు పోతారు. ఆ పలక పేరు పొల్‌బే, అంటే బురద పడవ. ఈ బురద నేలలు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

ఎడారి ఓడ అంటూ ఒంటెను తెస్తే ఒప్పుకోను!

గోదారిగట్టు:
పోటు తగ్గగ బురదయే పొలము కాగ
పలకపై నొక్క మోకాలు పదిలపరచి
తన్ని రెండవ కాలితో తరుణి యొకతె
నావ సాగెను నీరు లేనట్టి చోట

పరదేశి: “బురదయే పొలము” చాలా బాగుంది, వాళ్లకది నిజంగా పొలమే. కానీ తన్నింది తరుణి, సాగింది నావ. కర్తలు వేరైనప్పుడు “తన్ని” కుదరదు, “తన్న” అనాలి. ఇంకొకటి, నేను చూసినవాళ్లంతా అరవై దాటినవాళ్లే. “తన్న రెండవ కాలితో తల్లి యొకతె” అంటే రెండూ తీరతాయి, యతీ చెడదు.

గోదారిగట్టు: అలవాటుగా తరుణి వచ్చేసిందండీ. దిద్దుకున్నాను.

ఉప్పుటేరు:
చెంచ గుచ్చి వెనుక నుండి చిప్ప విప్పి
నోట నీరూర తినబోవ నోరు మండె
గుల్లయే నావ యయ్యె నా గుటక దారి
నావ సాగెను నీరు లేనట్టి చోట

పరదేశి: మొదటి పాదం తిన్నవాళ్లే రాయగలరు. అక్కడ కొమాక్‌ను నోరు తెరిచేదాకా ఉడకనివ్వరు. ముందే దించి, వెనుక కీలు దగ్గర చెంచా పెట్టి తిప్పుతారు. అయితే నోట నీరూరిందన్నాక అది నీరు లేని చోటెలా అయింది? పైగా గుల్లను కూడా మింగేశారా?

ఉప్పుటేరు: కారం దెబ్బకు నీరంతా ఇంకిపోయిందనుకోండి! ఈ జాతి గుల్లలు మా కాకినాడ అఖాతంలోనూ ఉన్నాయి. విప్పితే నెత్తురులాంటి రసం కారుతుంది, వాటి రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది మరి.

వెన్నెలపిట్ట:
కడలిఁ దన వెంట గొనిపోయెఁ గలువరేడు
మడ్డి మిగిలిన తీరాన మంచు వేళ
గుల్ల లేరెడి యవ్వలు గూడి కదల
నావ సాగెను నీరు లేనట్టి చోట

గోదారిగట్టు: చంద్రుణ్ణి చేపట్టి సముద్రం వెంట నడిచిందా! కవిత్వమూ అయింది, ఆటుకు కారణమూ చెప్పినట్టయింది. నా ఓటు దీనికే.

పరదేశి: నాదీ. ఒక్క మాట. అవ్వలందరికీ ఒకే నావా? అక్కడ ఎవరి పలక వారిది.

వెన్నెలపిట్ట: “గుల్ల లేరెడి యొక యవ్వ గుంజి నెట్ట.” సరేనా?

పరదేశి: సాగింది!