డేవిస్ క్రమక్షయ చక్రం డిగ్రీ పాఠంలో ఇంకా ఉండాలా?

పెన్నాతీరం
డిగ్రీ మొదటి సంవత్సరం వారికి భూస్వరూప శాస్త్రం చెబుతాను. ఏటా డేవిస్ పాఠం దగ్గరికి వచ్చేసరికి నాకు చిరాకు మొదలవుతుంది. తెలియనివారి కోసం రెండు మాటలు: విలియం మోరిస్ డేవిస్ అనే అమెరికా భూగోళవేత్త 1899లో ప్రచురించిన వ్యాసం ప్రకారం నేల వేగంగా పైకి లేచి, ఆ తర్వాత స్థిరంగా ఉండిపోతుంది. నదులు దాన్ని కోసుకుంటూ యవ్వన, ప్రౌఢ, వృద్ధ దశలు దాటించి, చివరికి దాదాపు చదునైన పెనిప్లేనుగా మారుస్తాయి. నేల ఇలా దశలవారీగా అరిగిపోవడాన్నే క్రమక్షయ చక్రం అంటారు.

విద్యార్థులకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. చిక్కంతా అక్కడే. గండికోట ఫొటో చూపించి, లోయ ఇలా ఎందుకుందని అడిగితే "నిటారు గోడలు, కాబట్టి నది యవ్వన దశలో ఉంది" అని రాస్తారు. పెన్నా అక్కడ కోస్తున్నది క్వార్ట్‌జైటును. గట్టి రాయి కనుక గోడలు నిలబడ్డాయి, పగుళ్ళ వెంట బండలు విరిగి పడుతున్నాయి. ఈ మాట ఒక్కరూ రాయరు. అదే నది ప్రొద్దుటూరు దగ్గర ఇసుక పరుచుకుని తాపీగా పారుతుంది. మెత్తని రాళ్ళ మీదికి వచ్చిందని తోచదు, ముసలిదైపోయిందంటారు!

నా ప్రతిపాదన ఇది. డేవిస్‌ను ఒక్క గంటలో చరిత్రగా చెప్పి వదిలేయాలి. మిగిలిన సమయం శీతోష్ణస్థితి నేలను ఎలా మలుస్తుందో చెప్పడానికి ఇవ్వాలి. ఇప్పుడు భూస్వరూపాలు ఒక సెమిస్టరులో, శీతోష్ణస్థితి మరో సెమిస్టరులో, ఇద్దరు అధ్యాపకుల చేతుల్లో ఉన్నాయి. ఆ రెండూ కలిసే చోటు విద్యార్థికి ఎప్పుడూ కనబడదు.

పోటీపరీక్షల మాస్టారు
చెప్పడానికి బాగానే ఉందండీ. సివిల్స్‌లో భూగోళశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకున్నవారికి మొదటి పేపరు సిలబస్‌లో భూస్వరూప చక్రాల భావనలు ఉన్నాయి. కొపెన్, థార్న్‌త్వైట్, ట్రెవార్తాల శీతోష్ణస్థితి వర్గీకరణలూ ఉన్నాయి. మీరు వదిలేస్తే ఆ పాఠాన్ని మా దగ్గర డబ్బు కట్టి నేర్చుకుంటారు. నాకు లాభమే అనుకోండి.

రాతిపిచ్చి
నేను భూగర్భశాస్త్రం వైపు నుంచి వచ్చాను, కాబట్టి నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను. పెన్నాతీరం గారూ, మీరు తిడుతున్నది డేవిస్‌ను కాదు, గైడు పుస్తకాల్లోని డేవిస్‌ను. ఆయన చెప్పినవి మూడు: నిర్మాణం, ప్రక్రియ, దశ. మొదటిది నిర్మాణమే, అంటే రాయి, దాని అమరిక. గండికోటలో క్వార్ట్‌జైటును మరిచిపోయిన విద్యార్థి డేవిస్‌ను చదవనట్టే. 1905లో ఆయన శుష్క ప్రాంతాలకు వేరే చక్రం కూడా రాశారు. శీతోష్ణస్థితిని పట్టించుకోలేదనడం అన్యాయం.

ఆయన మీద అసలైన విమర్శలు వేరే ఉన్నాయి. నేల లేవడం, అరగడం ఒకేసారి జరుగుతాయని జర్మనీ శాస్త్రవేత్త వాల్టర్ పెంక్ అన్నాడు. ఆయన పుస్తకం 1924లో, మరణానంతరం వచ్చింది. వాలులు తమ కింది రాయికీ, తమపై పనిచేసే శక్తులకూ తగినట్టు సర్దుకుంటాయని, దశల లెక్క లేకుండానే వాటిని వివరించవచ్చని 1960లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హాక్ వాదించాడు. ఈ వాదులాటను తరగతిలో పెట్టండి. డేవిస్ లేకపోతే వీళ్ళిద్దరూ ఎవరితో పోట్లాడుతున్నారో విద్యార్థికి ఎలా తెలుస్తుంది?

పెన్నాతీరం
మూడు చెప్పిన మాట నిజమే. కానీ ఆయన అనుచరులు మోసుకొచ్చింది మూడోదాన్నే. పరీక్షలో బొమ్మ గీయమనేదీ దాన్నే.

మీకు నచ్చే ఉదాహరణే ఇస్తాను. హైదరాబాద్ బండరాళ్ళు. ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుండ్లను ఎవరూ పైన పెట్టలేదు, అవి చాలావరకు భూమి లోపలే తయారయ్యాయి. పగుళ్ళలోకి దిగిన నీరు గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టిగా మార్చింది. మూలల మీద రెండు మూడు వైపుల నుంచి దాడి జరుగుతుంది కనుక అవి ముందు పోయాయి, మధ్యలో గుండ్రని గట్టి రాయి మిగిలింది. చుట్టూ కుళ్ళిన రాయే మనం రోడ్లకు, పునాదులకు తోలుకునే మొరం. తర్వాత ఆ మొరం కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. ఇప్పుడు చెప్పండి, మౌలాలి గుట్ట యవ్వనమా, వృద్ధాప్యమా? ఆ ప్రశ్నకు అర్థమే లేదు. వేడి, నీరు, పగుళ్ళు అంటే అర్థం ఉంది.

రెండోఏడాది
సార్, నేను డిగ్రీ విద్యార్థిని. శీతోష్ణస్థితి రకాలకు కొపెన్ పెట్టిన అక్షరాలన్నీ మాకు కంఠతా వచ్చు. అత్యంత చల్లని నెల సగటు 18 డిగ్రీలకు తగ్గకపోతే 'A' వర్గం, కోస్తాలో ఎక్కువ భాగం 'Aw' (చలికాలం పొడిగా ఉండే ఉష్ణమండలం), రాయలసీమలో చాలా భాగం 'BSh' (వేడి అర్ధశుష్క ప్రాంతం). ప్రాక్టికల్స్‌లో టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) మీద వాగులకు స్ట్రాలర్ పద్ధతిలో శ్రేణులు, అంటే పిల్లవాగు ఒకటి, రెండు ఒకట్లు కలిస్తే రెండు అని అంకెలు, వేస్తాం. ఈ రెంటికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఒక సందేహం: వాన తక్కువ కాబట్టి అనంతపురంలో క్రమక్షయం కూడా తక్కువేనా?

డల్లాస్ నుంచి
మంచి ప్రశ్న. జవాబు కాదనే. 1958లో లాంగ్‌బైన్, షుమ్ అనే ఇద్దరు అమెరికా నదుల లెక్కలు తీశారు. వాన మరీ తక్కువైన చోట మట్టిని మోసుకుపోవడానికి నీరే ఉండదు. బాగా పడే చోట చెట్టూ గడ్డీ నేలను పట్టి ఉంచుతాయి. మధ్యలో, సాలుకు సుమారు 300 మిల్లీమీటర్ల దగ్గర, ఒండ్రు అత్యధికంగా వస్తుందని తేల్చారు. అర్ధశుష్క నేలలకే ఎక్కువ దెబ్బ అన్నమాట.

అయితే ఆ సంఖ్యను తెచ్చి అనంతపురానికి అతికించవద్దు. అది అమెరికా వాన, మనది నాలుగైదు నెలల్లో కుండపోతగా పడే వాన. ఇతర ఖండాల లెక్కలు చేర్చినప్పుడు ఆ ఒక్క శిఖరం అంత స్పష్టంగా నిలవలేదు కూడా. కొపెన్ అక్షరాలు ఈ పనికి ఎందుకు చాలవో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆయన వృక్షశాస్త్రంలో శిక్షణ పొందిన మనిషి, హద్దులు గీసింది మొక్కలను చూసి. ఒక గంటలో ఎంత వాన పడిందన్నది ఆ అక్షరాల్లో ఉండదు. వాగు గట్టు తెగేది ఆ గంటలోనే.

రాతిపిచ్చి
ఇదే నా భయం. శీతోష్ణస్థితితో కలిపి చెబుదాం అనగానే 1950లో పెల్టియర్ అనే అమెరికా భూగోళవేత్త చేసింది చేస్తారు. సగటు ఉష్ణోగ్రత, సగటు వర్షపాతం తీసుకుని ప్రపంచాన్ని 9 భూస్వరూప మండలాలుగా కోశాడు. డేవిస్ పెట్టెలు పోయి పెల్టియర్ పెట్టెలు వస్తాయి, విద్యార్థి వాటినీ బట్టీ కొడతాడు.

పైగా ఏ కాలపు శీతోష్ణస్థితి? విశాఖ–భీమిలి మధ్య తీరం వెంట ఉన్న ఎర్రటి ఇసుక గుట్టలు, ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళండి. సుమారు 20 వేల ఏళ్ళ కిందట, చివరి మంచుయుగం ఉచ్ఛస్థితిలో, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా దిగువన ఉండేది. తూర్పు తీరంలో చాలా మేర ఇసుక నేల బయటపడి ఉంటుంది. దిబ్బల్లోని ఇసుకను పేర్చడంలో గాలి వాటా ఎంత, నీటి వాటా ఎంత అన్నదానిపై పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రంగు ఇనుప ఆక్సైడుది, అది నిదానంగా పట్టింది. దిబ్బల్లో వాననీరు కోసిన లోతైన గండ్లు మాత్రం ఇప్పటికీ ప్రతి వానకూ తెగుతున్నాయి. ఇసుకది ఒక కాలం, రంగుది ఒక కాలం, గండ్లది ఒక కాలం. నేటి వర్షపాతం పటం పెట్టుకుని దీన్ని వివరించలేరు. కాలం అనే మూడో కాలు ఉండాలని డేవిస్ పట్టుబట్టింది అందుకే. మీ హైదరాబాద్ గుండ్లకూ ఇదే వర్తిస్తుంది. అంత లోతున కుళ్ళడానికి ఇప్పటి వానలే చాలా?

పెన్నాతీరం
చాలవు, పాత తడి కాలాల పని అందులో ఉందనే నేనూ చెబుతాను. కానీ కాలం కావాలనడం వేరు, అది యవ్వనం నుంచి వృద్ధాప్యానికి ఒకే దారిలో నడుస్తుందనడం వేరు. ఎర్రమట్టి దిబ్బలు మీ వైపు సాక్ష్యమో నా వైపు సాక్ష్యమో మరోసారి ఆలోచించండి. అక్కడ శీతోష్ణస్థితి మారింది, సముద్రం దిగి మళ్ళీ వచ్చింది. చక్రం ఎక్కడుంది?

పోటీపరీక్షల మాస్టారు
ఇంత మాట్లాడుకున్నారు, ప్రశ్నపత్రంలో ఏం అడుగుతారు? "క్రమక్షయ చక్రాన్ని వివరించండి" అంటే పది మార్కులు ఎలా వేయాలో మూల్యాంకనం చేసే ప్రతివారికీ తెలుసు.

పెన్నాతీరం
రెండు ఫొటోలు ఇస్తాను, ఒకటి గండికోట, మరొకటి ఎర్రమట్టి దిబ్బల్లోని గండి. రెండింటికీ నిటారు గోడలే. ఎందుకో రాయమంటాను. రాయి గురించి మూడు మార్కులు, నీరు చేసే పనికి మూడు, ఏ కాలంలో జరిగిందన్నదానికి నాలుగు. దశ పేరు మాత్రమే రాసి ఊరుకుంటే సున్నా.

రాతిపిచ్చి
కాలానికే నాలుగు ఇచ్చారు. అయితే డేవిస్‌కు ఒక గంట చాలదు. రెండు గంటలు, పెంక్‌కూ హాక్‌కూ కలిపి మరొకటి. అంతకు తగ్గితే నేను ఒప్పుకోను.

రెండోఏడాది
ఆ ప్రశ్న మా సంవత్సరానికే ఇచ్చేయకండి సార్. మాకు ఇప్పటికి బొమ్మ గీయడమే వచ్చు.