చేతుల మీద గరుకు బొడిపెలు: రుద్దాలా, వదిలేయాలా?

గరుకుచేయి:
పదో తరగతి నుంచీ భుజాల కింద, తొడల మీద గుండుసూది తలంత బొడిపెలు. తడిమితే ఉప్పు కాగితమే. డాక్టరు గారు చూడగానే "కెరటోసిస్ పిలారిస్, భయం లేదు" అని పంపేశారు. మూడు నెలలుగా లూఫాతో (ఒళ్ళు రుద్దుకునే గరుకు పీచు) రుద్దుతున్నా. స్నానమయ్యాక గంటసేపు నున్నగా ఉంటుంది, తెల్లారేసరికి మళ్ళీ అదే, పైగా ఎర్రగా. ఇంకాస్త గట్టిగా రుద్దాలంటారా?

పాతకాపు:
రుద్దడం ఆపండి ముందు. అదేం మురికి కాదు. వెంట్రుక మొలిచే రంధ్రంలో కెరటిన్ (చర్మంలో ఉండే గట్టి ప్రొటీన్) పేరుకుని బిరడాలా బిగుసుకుంటుంది. ఒకసారి గిల్లి చూశాను (మీరు గిల్లకండి): తెల్లటి ముల్లులాంటిది, దాని లోపల చుట్టలు చుట్టుకున్న వెంట్రుక! లూఫా ఆ బిరడా తల మాత్రమే కోస్తుంది, మొదలు లోపలే ఉంటుంది. చామనఛాయ ఒంటికైతే, రుద్దిన చోట పడిన నల్ల మచ్చ నెలల తరబడి పోదు.

స్రవంతి_క:
మరీ అంత భయపెట్టకండి. వారానికోసారి మెత్తటి గుడ్డతో తేలిగ్గా రుద్దితే నాకేమీ కాలేదు.

పాతకాపు:
మెత్తటి గుడ్డ వేరు, లూఫా వేరు అమ్మా. అసలు పని చేసేది క్రీమే. యూరియా 10 నుంచి 20 శాతం, లేదంటే లాక్టిక్ ఆసిడ్ 12 శాతం. గోరువెచ్చటి నీళ్ళతో త్వరగా స్నానం ముగించి, తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. షేవ్ చేసిన రోజు మాత్రం వద్దు, భగ్గుమంటుంది. రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం మందు) క్రీములు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు, గర్భిణులు అసలే వాడకూడదు.

ఊరికే_చూస్తున్నా:
ఇంత హడావుడి ఎందుకండీ? పెద్దవాళ్ళలో దాదాపు 40 శాతం మందికి ఉంటుందని అంచనా, కౌమారంలో ఇంకా ఎక్కువ. అంటుకోదు, హాని చేయదు, వయసు పెరిగేకొద్దీ చాలామందికి దానంతటదే తగ్గుతుంది. క్రీము ఆపితే మళ్ళీ మొలుస్తుంది కూడా. జీవితాంతం రాసుకుంటూ కూర్చుంటారా?

స్రవంతి_క:
వయసు పెరిగితే తగ్గుతుందట! నాకు నలభై ఒకటి, ఇంకా చలికాలం వస్తే చేతులు దాచుకోవాల్సిందే. హాని లేదనడం తేలికే లెండి, పొట్టి చేతుల చొక్కా పక్కన పెట్టేది మీరు కాదుగా.

ఊరికే_చూస్తున్నా:
నాకూ ఉందండీ. చలికాలంలో మామూలు మాయిశ్చరైజర్ రాస్తా, మిగతా రోజుల్లో పట్టించుకోను. అంతే.

గరుకుచేయి:
ఆరు వారాల తర్వాత వచ్చాను. లూఫా పూర్తిగా మానేసి, ఎడమ చేతికి మాత్రం యూరియా 20 శాతం రాశా, కుడి చేతిని వదిలేశా. ఎరుపు రెండు చేతులకీ తగ్గింది, అంటే అది నా రుద్దుడు పుణ్యమే. గరుకు మాత్రం ఎడమకే తగ్గింది. కుడిది ఇంకా ఉప్పు కాగితమే. ఈ రాత్రి నుంచి దానికీ మొదలు.