పదేళ్ల పిల్లవాడికి క్వీన్స్ గాంబిటా, లండన్ సిస్టమా?

పటమట నాన్న:
మా బాబుకు పదేళ్లు. ఏడాదిన్నరగా చెస్ కోచింగ్‌కు పంపుతున్నాం. అక్కడ తెల్లపావులకు లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస, ఒక్కటే నేర్పారు. డి4 బంటు, శకటు ఎఫ్4కి, ఆ తర్వాత ఈ3, సి3. అవతలివాళ్లు ఏం వేసినా మావాడి మొదటి ఆరేడు ఎత్తులు దాదాపు మారవు. ఈ మధ్య కొత్త మాస్టారి దగ్గర చేర్చాం. ఆయన అది మాన్పించి క్వీన్స్ గాంబిట్ మొదలుపెడతానంటున్నారు. నాకు ఆట అంతగా రాదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
ఆయన చెప్పిందే సరైనది. గుంటూరులో ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్నాను. లండన్‌కు అలవాటు పడ్డ పిల్లవాడు తన పావులను సర్దుకోవడంలో ఉంటాడు, అవతలివాడి ఎత్తు చూడడు. క్వీన్స్ గాంబిట్‌లో మనం డి4, నలుపు డి5, మళ్లీ మనం సి4 వేస్తే రెండో ఎత్తుకే ప్రశ్న పుడుతుంది: ఆ సి4 బంటును నలుపు కొడుతుందా, కొట్టదా? కొట్టి, దాన్ని నిలబెట్టుకోవాలని బి5 వేస్తే ఏమవుతుందో పిల్లల చేత బోర్డు మీద వేయించి చూపిస్తాను. ఈ3, బి5, ఏ4, సి6, బంట్ల మార్పిడి, ఆపైన మన మంత్రి ఎఫ్3కి. ఏ8లో ఉన్న నల్ల ఏనుగు మీదికి దారి తెరుచుకుంది. దాన్ని కాపాడుకోవాలంటే గుర్రాన్నో శకటునో వదులుకోవాలి. ఇది ఒక్కసారి కళ్లతో చూసిన పిల్లవాడు పరుల బంటుకు ఆశపడేముందు పదిసార్లు ఆలోచిస్తాడు.

సత్యనారాయణపురం:
మాస్టారూ, అయితే దాన్ని గాంబిట్ అనడమే తప్పు. గాంబిట్ అంటే త్యాగం. తిరిగి వచ్చే బంటు త్యాగం ఎలా అవుతుంది?

ఏలూరు రోడ్డు:
నేను విజయవాడలో పిల్లలకు నేర్పుతాను, లండనే నేర్పుతాను. పదేళ్లవాడికి వారానికి రెండు గంటలు దొరుకుతాయి. క్వీన్స్ గాంబిట్ అంటే నలుపు ఆ బంటును తీసుకున్న గాంబిట్ వేరు, తిరస్కరించినది వేరు, సి6 బంటుతో డి5ను నిలబెట్టే స్లావ్ వేరు. ఒక్కోదానికి ఒక్కో ప్రణాళిక. ఇవి బట్టీ పట్టించడానికే నెలలు గడిచిపోతాయి, కొద్ది పావులే మిగిలే చివరి దశ, ఎండ్‌గేమ్, ఎప్పుడు నేర్పాలి? లండన్‌ను చిన్నచూపు చూడకండి. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డింగ్ లిరెన్ ఆరో ఆటలో దానితోనే నెపోమ్‌నియాషిని ఓడించాడు.

కృష్ణలంక:
మన హంపి డి4 ఆడే ఎదిగారు. ఇంకేం కావాలి?

ఏలూరు రోడ్డు:
లండన్ కూడా డి4తోనే మొదలవుతుందండీ.

బ్రాడీపేట మాస్టారు:
డింగ్ సంగతి చెప్పారు, బాగుంది. మరుసటి ఏడు సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే అదే డింగ్‌ను గుకేశ్ మూడో ఆటలో దేనితో ఓడించాడు? తిరస్కరించిన క్వీన్స్ గాంబిట్‌లో, సి4 బంటుతో డి5 బంటును కొట్టి మార్చుకునే మార్పిడి పద్ధతితో. 1927లో ప్రపంచ టైటిల్ కోసం కాపాబ్లాంకా, అలెఖిన్ 34 ఆటలు ఆడితే 32 ఆటల్లో ఇదే ఓపెనింగ్. ఇద్దరు మహానుభావులు అన్ని రోజులు తవ్వినా అడుగంటని బావి ఇది. ఇక బట్టీ అంటారా, నేను ఒక్క వరుసా బట్టీ పట్టించను. మార్పిడి జరిగాక సి గడుల వరుస తెలుపుకు తెరుచుకుంటుంది. నలుపుకు మంత్రి వైపు చివర మూడు బంట్లు, మనకు రెండు. ఆ తక్కువ బంట్లతోనే బి4, బి5 అని ముందుకు వెళ్లి సి6లోని నల్ల బంటును బలహీనం చేయాలి. ఇద్దరు వెళ్లి ముగ్గురి ఇంట్లో కలత పెట్టడమన్నమాట. దీనికి జ్ఞాపకశక్తితో పని లేదు, అర్థమైతే చాలు.

సత్యనారాయణపురం:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. పైగా క్వీన్‌ను మనం మంత్రి అంటాం. మంత్రి ముందున్నది డి బంటు, ఇస్తున్నది సి బంటు. పేరులో ఒక్క ముక్కా సరిగా లేదు.

అరండల్‌పేట:
మంత్రి వైపు బంటు అని అర్థం. దయచేసి ఇక వదిలేయండి.

ఏలూరు రోడ్డు:
మాస్టారూ, మీరు చెప్పేది పన్నెండు, పదమూడేళ్లవాళ్లకు పనికొస్తుంది. పదేళ్లవాడు టోర్నమెంట్‌లో కూర్చుని తొమ్మిది ఎత్తులకే గుర్రం పోగొట్టుకుంటే ఆ రోజంతా ఏమవుతాడో మీరు ఆలోచించరు.

బ్రాడీపేట మాస్టారు:
పోగొట్టుకోనివ్వండి. ఓడకుండా ఎవరు నేర్చుకున్నారు? మీలాంటి కోచ్‌లు తల్లిదండ్రులకు త్వరగా రేటింగ్ చూపించాలని పిల్లలకు చేతికర్ర ఇస్తున్నారు. ఆ కర్ర పట్టుకుని నడిచినవాడు ఎప్పటికీ పరుగెత్తలేడు. ఫీజు నిలబడుతుందేమో, ఆట నిలబడదు.

ఏలూరు రోడ్డు:
ఫీజు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మీలాగే ఆలోచించే ఒక మాస్టారు క్వీన్స్ గాంబిట్ నేర్పారు. మొదటి పెద్ద టోర్నమెంట్. మార్పిడి అయ్యింది. నా శకటు జీ5లో ఉంది, నల్ల గుర్రం కదిలితే మంత్రి పోతుంది, కదలలేదులే అనుకుని డి5 బంటును గుర్రంతో కొట్టాను. అతను ఆ గుర్రంతోనే నా గుర్రాన్ని కొట్టేశాడు. నేను ఆనందంగా మంత్రిని తీసుకున్నాను. అతని శకటు బి4కి వచ్చి చెక్ అంది. నా మంత్రిని అడ్డం పెట్టడం తప్ప దారి లేదు. లెక్క తేలేసరికి ఒక బంటు కోసం గుర్రం పోయింది. బోర్డు మీద నా చెయ్యి వణకడం ఇప్పటికీ గుర్తుంది.
బస్సులో గంటన్నర మా నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక బోర్డు తీసి అటక మీద పెట్టేశారు. నాలుగేళ్లు దాన్ని ముట్టుకోలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లవాడు అలా ఇంటికి వెళ్లకూడదు. అందుకే లండన్.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, ఫీజు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరు చెప్పినదాంట్లో ఓపెనింగ్ తప్పు ఎక్కడుంది? ఆ ఉచ్చు నూరేళ్లకు పైబడినది. దాన్ని ముందే చూపించకపోవడం మీ మాస్టారి తప్పు. తర్వాత బస్సులో జరిగింది మీ నాన్నగారి తప్పు. లండన్ ఆడి ఓడినా ఆ బస్సు అదే బస్సు.

ఏలూరు రోడ్డు:
మాస్టారూ, బస్సులో ఉండేది నేను కాదు, తండ్రి. ఆయనను మార్చడం నా చేతుల్లో లేదు. ఓపెనింగ్ నా చేతుల్లో ఉంది.

కృష్ణలంక:
అసలు అడిగిన ఆయన ఏమైపోయారు?

పటమట నాన్న:
ఉన్నాను. అంతా చదివాను. ఒక మాట దాచాను, చెబుతాను. పోయిన నెల టోర్నమెంట్‌లో మావాడు మూడు ఆటలు వరుసగా ఓడితే హాలు బయట అందరి ముందు గట్టిగా అరిచాను. కోచ్‌ను మార్చింది కూడా ఆ కోపంతోనే. వాడిది ఓపెనింగ్ సమస్య అనుకున్నాను.
రాత్రి మీరు రాసిన ఆ గుర్రం కథ వాడికి చదివి వినిపించాను. వెంటనే లేచి బోర్డు పరిచాడు. తెల్లపావులు నా వైపు తిప్పి, తను నల్లపావులు తీసుకుని, డి5 బంటును కొట్టమన్నాడు. కొట్టాను. నాలుగుసార్లు నా గుర్రం పోయింది. పదిన్నర దాటినా లేవలేదు.

బ్రాడీపేట మాస్టారు:
ఆదివారం గుంటూరు వచ్చే పని ఉంటే తీసుకురండి.

ఏలూరు రోడ్డు:
ఈసారి ఆరో ఎత్తులో కొట్టకుండా ఈ3 వేసి చూడమనండి. నేను లండన్ మాత్రం మానను.