అప్‌డేట్: ప్రోటాన్ సర్పిలం, పిచ్ లెక్క తేలింది

మొన్న నేను అడిగింది ఇదీ: ఏకరీతి అయస్కాంత క్షేత్రంలోకి 60 డిగ్రీల కోణంలో దూసుకెళ్లే ప్రోటాన్ వేగం రెట్టింపు చేస్తే పిచ్ (ఒక చుట్టు పూర్తయ్యేలోపు ముందుకు జరిగే దూరం) రెట్టింపవుతుంది, ఒక చుట్టుకు పట్టే టైమ్ మాత్రం మారదంటారు, ఎలా? జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు వేగాన్ని రెండు ముక్కలు చెయ్యి" అన్న సలహాతో చిక్కు విడిపోయింది.

క్షేత్రం 0.1 టెస్లా, వేగం సెకనుకు 4 లక్షల మీటర్లు అనుకుని అంకెలు వేశాను. క్షేత్రానికి అడ్డంగా ఉన్న భాగం వల్ల ప్రోటాన్ గుండ్రంగా తిరుగుతుంది. వ్యాసార్థం సుమారు 3.6 సెం.మీ. క్షేత్రం వెంబడి బలమే లేదు, కాబట్టి ఆ దిశలో సెకనుకు 2 లక్షల మీటర్ల చొప్పున అలాగే సాగిపోతుంది. ఒక చుట్టుకు 0.66 మైక్రోసెకన్లు. ఆలోపు ముందుకు జరిగేది, అంటే పిచ్, దాదాపు 13 సెం.మీ. వేగం రెట్టింపైతే వృత్తం చుట్టుకొలతా రెట్టింపే, ఇక టైమ్ ఎందుకు మారుతుంది! (కాంతి వేగానికి దగ్గరైతే ఇది చెల్లదు, అది వేరే కథ.)

అసలు మజా ఆ తర్వాతే. ముందుకు పోయేకొద్దీ క్షేత్రం బలపడితే? అయస్కాంత బలం పని చేయదు, మొత్తం వేగం మారదు. కానీ క్షేత్రం బలపడేకొద్దీ తిరిగే వేగం పెరుగుతుంది, దాంతో ముందుకు పోయే వేగం తగ్గి, చుట్లు దగ్గరపడి, కణం వెనక్కి మళ్లుతుంది. భూమి చుట్టూ వాన్ అలెన్ పట్టీల్లో చిక్కుకున్న ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు ఉత్తర దక్షిణాల మధ్య ఇలాగే ఊగుతుంటాయి. క్షేత్రరేఖకు మరీ దగ్గర కోణంలో వెళ్లేవి మాత్రం మళ్లకుండా వాతావరణంలోకి జారిపోతాయి. ఆ కోణం ఎంతో ఈ ఆదివారం లెక్క కడతాను.